సరిహద్దు ఊళ్లలో యాప్, సైట్, ఆన్‌లైన్ సేవ నడిపేవాళ్లకి సైబర్ చట్టాలు: ఏ పని ముందు, ఏది తర్వాత

ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడిలో ఒక రక్త పరీక్షల ల్యాబ్ ఉందనుకుందాం. పొద్దున్నే పాతపట్నం వైపు నుంచి ఆటోల్లో పేషెంట్లు దిగుతారు, కొండ ఊళ్ల నుంచి సవరవాళ్లు వస్తారు. కౌంటర్‌లో అమ్మాయి పేరు, వయసు, ఫోన్ నంబరు రాసుకుని, ఎందుకైనా మంచిదని ఆధార్ కార్డుకి ఫొటో కూడా తీస్తుంది. సాయంత్రానికి రిపోర్టు వాట్సాప్‌లో వెళ్లిపోతుంది. బుకింగ్ కోసం ఓనరు బరంపురం కుర్రాడొకడి చేత చిన్న యాప్ చేయించుకున్నాడు. ఓనరు లెక్కలో ఇది ల్యాబే. చట్టం లెక్కలో మాత్రం ఇది జనం జబ్బుల వివరాలు కంప్యూటర్లో పెట్టుకున్న సంస్థ కూడా.

ఈ మార్గదర్శి ఇలాంటివాళ్ల కోసం. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం, జయపురం ఊళ్లలో యాప్, వెబ్‌సైట్, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నడుపుకునే తెలుగువాళ్లకీ, వాటిని తయారు చేసి ఇచ్చే కుర్రాళ్లకీ. మహారాష్ట్ర వైపు ధర్మాబాద్‌లోనో సిరొంచలోనో ఉన్నా ఇవే చట్టాలు, ఎందుకంటే దాదాపు అన్నీ కేంద్రం చేసినవే.

పనుల వరస ముఖ్యం. చాలామంది ముందుగా ఎక్కడి నుంచో ఒక ప్రైవసీ పాలసీ కాపీ కొట్టి సైట్లో పెట్టి, పనైపోయింది అనుకుంటారు. అది చివర్లో రాయాల్సిన కాగితం. మన దగ్గర ఏముందో మనకే తెలియకుండా రాసిన పాలసీ రేపు మన మీదే సాక్ష్యంగా పనికొస్తుంది.

1. మీకు వర్తించే చట్టాలేవో తేల్చుకోండి

మూడు పేర్లు తెలిస్తే ముప్పాతిక పని తెలిసినట్టే.

మొదటిది ఐటీ చట్టం, 2000. ఇందులో హ్యాకింగ్‌కి 66వ సెక్షన్ కింద 3 ఏళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా. వేరేవాళ్ల పాస్‌వర్డ్ వాడితే 66సీ, ఇంకొకరి వేషంలో ఆన్‌లైన్ మోసం చేస్తే 66డీ. ఇవి నేరగాళ్ల కోసం. వ్యాపారికి తగిలేది 43ఏ. పాస్‌వర్డ్, బ్యాంకు వివరాలు, ఆరోగ్యం, వేలిముద్రల్లాంటి సున్నితమైన సమాచారాన్ని నిర్లక్ష్యంగా ఉంచి, దానివల్ల ఎవరికైనా నష్టం జరిగితే పరిహారం కట్టాలి. ఇది పెద్ద కంపెనీలకి కదా అనకండి. ఒక్కడి పేరు మీద నడిచే కొట్టు కూడా అందులో వస్తుందని ఆ సెక్షన్ వివరణలోనే ఉంది. 72ఏ కూడా గుర్తుపెట్టుకోండి: పనిలో భాగంగా చేతికొచ్చిన వివరాలను దురుద్దేశంతో బయటపెట్టిన ఉద్యోగికి 3 ఏళ్ల దాకా జైలు పడొచ్చు. కస్టమర్ల నంబర్లు అమ్ముకునే సిబ్బందికి ఇది చదివి వినిపించాలి.

రెండోది సర్ట్-ఇన్ ఆదేశాలు, 2022 ఏప్రిల్ 28 నాటివి. సైబర్ ఘటనలను చూసుకునే కేంద్ర సంస్థ సర్ట్-ఇన్. ఏదైనా జరిగితే 6 గంటల్లో తనకి చెప్పాలని, లాగ్‌లు, అంటే కంప్యూటర్లో ఎవరు ఎప్పుడు ఏం చేశారో దానంతటదే రాసుకునే రికార్డులు, 180 రోజులు ఉంచాలని అది ఆదేశించింది. చిన్న సంస్థలకి కొంత గడువు పెంచినా, అది కూడా 2022 సెప్టెంబర్ 25తో అయిపోయింది.

మూడోది డీపీడీపీ చట్టం, 2023, అంటే వ్యక్తిగత డేటా రక్షణ చట్టం. దాని రూల్స్ 2025 నవంబర్‌లో వచ్చాయి. ఫిర్యాదులు విని జరిమానాలు వేసే డేటా ప్రొటెక్షన్ బోర్డుకి సంబంధించినవి వెంటనే అమల్లోకి వచ్చాయి, మనలాంటి వాళ్ల మీద పడే అసలు బాధ్యతలకి 18 నెలల గడువు ఇచ్చారు, అంటే 2027 మే. అప్పటిదాకా 43ఏ ఉంటుంది. కాబట్టి "ఇంకా టైముంది" అనే మాట సగమే నిజం. పాత బాధ్యత ఇప్పుడూ ఉంది, కొత్తది వస్తోంది, అంతే తేడా.

వీటి మీద మీ రంగానికి ప్రత్యేకంగా ఉన్నవి. ఆన్‌లైన్లో సరుకు అమ్మితే 2020 నాటి ఈ-కామర్స్ రూల్స్: ఫిర్యాదులు చూసే మనిషి పేరు, నంబరు సైట్లో ఉండాలి, ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలో తేల్చాలి. అప్పులిచ్చే యాప్ అయితే రిజర్వు బ్యాంకు డిజిటల్ లెండింగ్ నిబంధనలు చూడాలి. అవి ఫోన్‌లో కాంటాక్టులు, కాల్ లాగ్‌లు తవ్వడాన్ని నిషేధించాయి. సీసీటీవీలు అమ్మి బిగించేవాళ్లకి ఒక మాట: 2025 ఏప్రిల్ 9 నుంచి కొత్త కెమెరాలు భద్రతా పరీక్షలు పాసైతేనే అమ్మాలి. విజయనగరం హోల్‌సేల్‌లో చవగ్గా దొరికిన పేరులేని కెమెరా తెచ్చేముందు సర్టిఫికెట్ ఉందో లేదో అడగండి.

2. మీ దగ్గరున్న డేటా అంతా ఒక కాగితం మీద రాయండి

ఈ పని బోరు కొడుతుంది. కానీ మిగతా పనులన్నీ దీని మీదే నిలబడతాయి. లాయర్ అక్కర్లేదు, సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. ఒక తెల్ల కాగితం మీద నాలుగు గళ్లు గీయండి: ఏ వివరం, ఎందుకు, ఎక్కడుంది, ఎవరి చేతికి అందుతుంది.

ఆ ల్యాబ్‌నే తీసుకుందాం. పేరు, ఫోన్ నంబరు అని రాయడం తేలిక. "ఎక్కడుంది" అన్న గడి దగ్గరే అసలు కథ మొదలవుతుంది. యాప్ సర్వర్లో ఉంది. కౌంటర్ కంప్యూటర్ ఎక్సెల్‌లో ఉంది. రిపోర్టులు పంపే ఫోన్‌లో వాట్సాప్ చాట్‌లుగా ఉన్నాయి. ఆ ఫోన్ రాత్రి ఎవరింటికి వెళ్తుంది? వాట్సాప్ బ్యాకప్ ఎవరి గూగుల్ ఖాతాలోకి పోతోంది? పోయిన దసరాకి పని మానేసిన అబ్బాయి ఫోన్‌లో వాట్సాప్ వెబ్ లాగిన్ ఇంకా తెరిచే ఉందా? విశాఖలో పెద్ద ల్యాబ్‌కి శాంపిళ్లు పంపితే వాళ్లకి ఏ ఫైలు వెళ్తోంది? యాప్ చేసిన కుర్రాడి ల్యాప్‌టాప్‌లో టెస్టింగ్ కోసం తీసుకున్న అసలు పేషెంట్ల జాబితా ఉందా? చాలా చోట్ల ఉంటుంది.

డీపీడీపీ చట్టం డిజిటల్ డేటాకే వర్తిస్తుంది. నోట్‌బుక్‌లో పెన్నుతో రాసింది దాని కిందికి రాదు. అదే పేజీకి ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టిన క్షణం నుంచి వస్తుంది. ఊళ్లో చిట్టీ వేసేవాళ్లు, ట్యూషన్ చెప్పేవాళ్లు ఇక్కడే దొరికిపోతారు.

3. అక్కర్లేనిది తీసేయండి

దాచనిది పోదు. ఈ చట్టాలన్నిటికీ నేను చెప్పగలిగిన చవకైన మందు ఇదొక్కటే. డేటా తగ్గితే తాళాలు తగ్గుతాయి, ఖర్చు తగ్గుతుంది, ఏదైనా జరిగినప్పుడు చెప్పుకోవాల్సిన మనుషులూ తగ్గుతారు.

మొదట ఆధార్. ప్రైవేటు సంస్థలు ఆధార్ అడగడానికి దారి ఇచ్చిన ఆధార్ చట్టం 57వ సెక్షన్ భాగాన్ని 2018 సెప్టెంబర్ 26న సుప్రీంకోర్టు కొట్టేసింది. రక్త పరీక్షకీ, ట్యూషన్ ఫీజుకీ, మొబైల్ రిపేరుకీ ఆధార్ కాపీ అక్కర్లేదు. నిజంగా గుర్తింపు చూడాల్సి వస్తే కార్డు చూసి వెనక్కి ఇచ్చేయండి. కాపీయే కావాలంటే మొదటి 8 అంకెలు కప్పిన మాస్క్‌డ్ ఆధార్ అడగండి. ఫోన్ గ్యాలరీలో పడి ఉన్న వందలాది ఆధార్ ఫొటోలకంటే ప్రమాదకరమైన సొత్తు ఈ ఊళ్లలో ఇంకోటి లేదు. ఇంటి పక్క సేవా కేంద్రాల పరిస్థితి తలుచుకుంటే నాకు టెన్షన్ వస్తుంది.

రెండోది కార్డు నంబర్లు. 2022 అక్టోబర్ 1 నుంచి కార్డు ఇచ్చిన బ్యాంకు, కార్డు నెట్‌వర్క్ (వీసా, రూపే లాంటివి) తప్ప మరెవరూ పూర్తి కార్డు నంబరు దాచకూడదు. పేమెంట్ గేట్‌వే వాడుతుంటే ఆ పని వాళ్లే చూసుకుంటారు. కస్టమర్ ఫోన్‌లో చదివిన కార్డు నంబరు డైరీలో రాసుకోవడం మాత్రం ఈరోజే మానేయండి.

మూడోది యాప్ అడిగే పర్మిషన్లు. డీపీడీపీ చట్టంలోనే ఒక ఉదాహరణ ఉంది: ఫోన్లో వైద్యం అందించే యాప్ కాంటాక్ట్ లిస్టు కూడా అడిగితే, ఆ సేవకి అది అవసరం లేదు కాబట్టి యాప్ వాడే మనిషి "ఒప్పుకుంటున్నా" నొక్కినా ఆ సమ్మతి కాంటాక్టులకి చెల్లదు. మీ యాప్ తెరవగానే కెమెరా, కాంటాక్టులు, లొకేషన్ అన్నీ అడుగుతోందంటే, చేసిన కుర్రాడు ఎక్కడో దొరికిన టెంప్లేట్ వాడాడని అర్థం. తీయించండి.

4. నోటీసు, సమ్మతి: ఇక్కడ భాష మన చేతిలో ఉంది

డీపీడీపీ ప్రకారం వివరాలు తీసుకునేముందు ఏం తీసుకుంటున్నారో, ఎందుకో, ఒప్పుకున్నది ఎలా వెనక్కి తీసుకోవాలో, ఫిర్యాదు ఎవరికి చేయాలో చెప్పాలి. ఇచ్చినంత తేలిగ్గా వెనక్కి తీసుకునే వీలుండాలి. ముందే టిక్కు పెట్టి ఉంచిన గడి సమ్మతి కాదు.

ఈ నోటీసును ఇంగ్లిష్‌లో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని ఏ భాషలో గానీ చదువుకునే అవకాశం ఇవ్వాలి. తెలుగు, ఒడియా, మరాఠీ ఆ 22 భాషల్లో ఉన్నాయి. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో చేసిన యాప్‌లు ఇంగ్లిష్ ఒక్కటే పెట్టి నెట్టుకొస్తుంటే, రెండు భాషలు మాట్లాడే మన ఊళ్లలో ఇది నిజానికి సులువైన పని. గంట కూర్చుంటే రాయొచ్చు. సవర, కుయి, కువి, గోండి మాత్రం ఆ షెడ్యూల్లో లేవు. చట్టం అడగదు. కానీ గుణుపురం దాటి కొండెక్కితే మీ పేషెంట్లలో సగం మందికి తెలుగూ ఒడియా రెండూ చదవడం రాకపోవచ్చు. సమ్మతి అంటే అర్థమై ఇచ్చింది కావాలి కదా. కౌంటర్‌లో ఆ భాష వచ్చిన ఒక మనిషి చేత నాలుగు వాక్యాలు చెప్పించండి, చెప్పారని తేదీతో రాసుకోండి.

నోటీసు ఎలా ఉండాలో ఒక నమూనా:

"రిపోర్టు పంపడానికి మీ పేరు, వయసు, ఫోన్ నంబరు తీసుకుంటున్నాం. పరీక్ష ఫలితం మా కంప్యూటర్లో ఉంటుంది. బయటి ల్యాబ్‌కి పంపే పరీక్షలకి మీ శాంపిల్‌తో పాటు పేరు, వయసు వెళ్తాయి. మీరు ఒప్పుకుంటేనే ఆఫర్ మెసేజ్‌లు పంపుతాం, వద్దంటే ఆపేస్తాం. మీ వివరాలు సరిదిద్దాలన్నా తీసేయాలన్నా కౌంటర్‌లో చెప్పండి, లేదా ఈ నంబరుకి మెసేజ్ పెట్టండి. మా జవాబు నచ్చకపోతే డేటా ప్రొటెక్షన్ బోర్డుకి ఫిర్యాదు చేయొచ్చు."

ఇంతే. దీని కోసం పన్నెండు పేజీలు రాసేవాళ్లని నమ్మకండి.

ప్రతిదానికీ సంతకం అక్కర్లేదన్న సంగతి కూడా తెలియాలి. మందుల షాపులో కస్టమర్ తానే ఫోన్ నంబరు ఇచ్చి "రసీదు పంపండి" అంటే రసీదు పంపడానికి ఆ నంబరు వాడుకోవచ్చు. ఇదీ చట్టంలో ఇచ్చిన ఉదాహరణే. కానీ అదే నంబరుకి సంక్రాంతి డిస్కౌంట్ మెసేజ్ పంపితే కథ వేరు, ఎందుకంటే అతను దానికోసం ఇవ్వలేదు.

5. పిల్లల డేటా

18 ఏళ్లలోపు అందరూ పిల్లలే. 17 ఏళ్ల ఇంటర్ కుర్రాడు కూడా. వాళ్ల వివరాలకి తల్లిదండ్రుల సమ్మతి కావాలి, అదీ నిజంగా తల్లిదండ్రులే ఇచ్చారని తేలేలా. పిల్లల్ని గురిపెట్టి ప్రకటనలు వేయకూడదు, వాళ్ల కదలికల మీద నిఘా పెట్టకూడదు. ఆసుపత్రులకి, బడులకి అవసరమైన మేరకి కొంత మినహాయింపు ఉంది: వైద్యం కోసం, చదువు కోసం, భద్రత కోసం. బస్సులో పిల్ల ఎక్కిందో లేదో చూడటం ఆ కోవలోకి వస్తుంది. ర్యాంకు వచ్చిన పిల్ల ఫొటో, మార్కులు, ఊరి పేరు కలిపి ఫేస్‌బుక్‌లో బ్యానర్‌గా వేయడం రాదు. ట్యూషన్ సెంటర్లవాళ్లకి ఈ మాట నచ్చదని తెలుసు.

6. తాళాలు: రూల్స్ ఏం అడుగుతున్నాయి, చిన్న కొట్టు ఏం చేయగలదు

డేటా భద్రతలో విఫలమైతే డీపీడీపీ కింద గరిష్ఠ జరిమానా 250 కోట్లు. ఈ అంకె చూసి గుండె ఆపుకోకండి. తప్పు తీవ్రత, ఎంతమందికి తగిలింది, నష్టం తగ్గించడానికి ఏం చేశారు, ఇవన్నీ చూసి బోర్డు జరిమానా తేలుస్తుంది. మీరు చేసిన జాగ్రత్తలకి రాతపూర్వక ఆనవాలు ఉండటం అందుకే ముఖ్యం. ఆ జరిమానా సొమ్ము ప్రభుత్వ ఖజానాకే పోతుంది, డేటా పోయిన మనిషికి రూపాయి రాదు. ఈ చట్టంలో నాకు మింగుడుపడనిది ఇదే.

రూల్స్ అడిగేవి ఇవి: డేటాను ఎన్‌క్రిప్ట్ చేయడమో (తాళం లేనివాళ్లకి అర్థంకాని రూపంలో ఉంచడం) మాస్క్ చేయడమో (కొంత భాగం కప్పడం), ఎవరు చూడొచ్చో హద్దు పెట్టడం, ఎవరు చూశారో లాగ్ ఉంచడం, బ్యాకప్, లాగ్‌లు కనీసం ఏడాది ఉంచడం. సర్ట్-ఇన్ అడిగిన 180 రోజులకంటే ఇది ఎక్కువ కాబట్టి ఏడాదికే సెట్ చేసేయండి. ఆ లాగ్‌లు అడిగినప్పుడు ఇవ్వగలిగేలా భారత్‌లో ఉండాలి.

కొట్టు స్థాయిలో ఇది ఇలా ఉంటుంది. అందరూ ఒకే "అడ్మిన్" లాగిన్ వాడటం ఆపి, మనిషికొక లాగిన్ ఇవ్వండి. మనిషి మానేసిన రోజే అది తీసేయండి, జీతం లెక్క తేల్చిన కాగితం మీదే "లాగిన్ తీశాం" అని రాయండి. ఈమెయిల్, హోస్టింగ్, బ్యాంకు ఖాతాలకి రెండంచెల లాగిన్ (పాస్‌వర్డ్‌తో పాటు ఓటీపీ లాంటిది) పెట్టండి. వైఫై రూటర్, డీవీఆర్ (సీసీటీవీ రికార్డు చేసే పెట్టె)లతో వచ్చిన ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చండి. బ్యాకప్‌కి ఒక కాపీ నెట్‌కి తగలని హార్డ్ డిస్క్‌లో ఉంచండి, నెలకోసారి దాంట్లోంచి ఒక ఫైలు తెరిచి చూడండి. తెరవని బ్యాకప్ ఉన్నా ఒకటే లేకపోయినా ఒకటే.

టైము సంగతి చాలామంది వదిలేస్తారు. కంప్యూటర్లు, సర్వర్ల గడియారాలు కేంద్ర ప్రభుత్వ సంస్థలైన ఎన్ఐసీ లేదా నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ టైముతో కలిసి ఉండాలని సర్ట్-ఇన్ చెప్పింది. కరెంటు పోయి వస్తూ ఉండే ఊళ్లలో సీసీటీవీ డీవీఆర్ గడియారం తప్పుతూనే ఉంటుంది. దొంగ వచ్చిన టైమూ లాగ్ టైమూ కలవకపోతే కోర్టులో ఆ రికార్డు నిలవదు.

7. యాప్ చేసినవాడితో, హోస్టింగ్‌వాడితో ఒప్పందం

చట్టం దృష్టిలో డేటా ఎందుకు తీసుకోవాలో నిర్ణయించేది మీరు కాబట్టి బాధ్యత మీది. డెవలపర్, క్లౌడ్, ఎస్ఎంఎస్ కంపెనీ మీ తరఫున పనిచేసేవాళ్లు. వాళ్ల తప్పుకీ మీరే జవాబు చెప్పాలి, ఏ ఒప్పందం రాసుకున్నా సరే. అలాగని ఒప్పందం వద్దని కాదు. చట్టం ప్రకారం ఉండి తీరాలి.

మన ఊళ్లలో ఒప్పందం అంటే "బావా, చేసిపెట్టు, చూసుకుందాం". మూడేళ్లకి బావ ఉద్యోగం దొరికి పుణె వెళ్లిపోతాడు. డొమైన్ అతని పేరు మీద, సర్వర్ అతని కార్డు మీద, సోర్స్ కోడ్ అతని ల్యాప్‌టాప్‌లో. ఒకరోజు సైట్ భద్రతా సర్టిఫికెట్ గడువు అయిపోయి సైట్ ఆగిపోతుంది. ఫోన్ ఎత్తడు. ఎత్తినా "మీటింగ్‌లో ఉన్నా" అంటాడు.

ఒక్క పేజీ చాలు. అందులో ఇవి రాయించండి: డొమైన్, హోస్టింగ్, ప్లే స్టోర్ ఖాతా ఓనరు పేరు మీద ఉండాలి. అసలు కస్టమర్ల డేటా డెవలపర్ సొంత కంప్యూటర్లో ఉంచకూడదు. సెక్యూరిటీ లోపం ఏదైనా తెలిస్తే అదే రోజు ఓనరుకి ఫోన్ చేయాలి. లాగ్‌లు, బ్యాకప్ ఎవరు చూసుకుంటారు, ఎంతకి. పని ముగిశాక డేటా తీసేసినట్టు రాతపూర్వకంగా చెప్పాలి.

డెవలపర్ వైపున్న కుర్రాళ్లకీ ఇది రక్షణే. "అప్‌డేట్‌కి డబ్బులివ్వమంటే ఇవ్వలేదు" అని రేపు నోటితో చెబితే ఎవరూ వినరు. ఏడాదికి నిర్వహణ ఖర్చు ఇంత అని ముందే రాసుకుంటే వింటారు. చుట్టరికం ఉన్నచోట ఇది అడగడానికి మొహమాటంగా ఉంటుంది. అయినా అడగండి.

8. ఏదైనా జరిగిన రోజు

సోమవారం పొద్దున కౌంటర్ కంప్యూటర్ తెరిస్తే ఫైళ్లన్నీ లాక్ అయి, డబ్బు కట్టమని మెసేజ్. అందరూ ముందు చేసే పని రిపేరు కుర్రాడిని పిలవడం. అతను ముందు చెప్పే మాట "ఫార్మాట్ కొట్టేద్దాం సార్". వద్దు. ఫార్మాట్‌తో సాక్ష్యం పోతుంది, లాగ్ పోతుంది, ఎంత డేటా బయటికి పోయిందో తెలిసే దారీ పోతుంది.

నెట్ కేబుల్ పీకి వైఫై ఆపండి. స్క్రీన్‌కి ఫొటో తీయండి. తెలిసిన టైము కాగితం మీద రాయండి, ఎందుకంటే 6 గంటల లెక్క మీకు తెలిసిన నిమిషం నుంచి మొదలవుతుంది. వేరే కంప్యూటర్ నుంచి ఈమెయిల్, హోస్టింగ్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు మార్చండి. బ్యాకప్ డిస్క్‌ని ఆ కంప్యూటర్‌కి తగిలించకండి.

తర్వాత సర్ట్-ఇన్ వెబ్‌సైట్‌లోని ఫారం నింపి మెయిల్ చేయండి. చెప్పాల్సిన ఘటనలు 20 రకాలుగా జాబితా ఇచ్చారు: డేటా లీకు, వైరస్, సైట్‌ని మార్చేయడం, మీ పేరుతో నకిలీ యాప్, సోషల్ మీడియా ఖాతా చోరీ లాంటివన్నీ అందులో ఉన్నాయి. 6 గంటల్లో పూర్తి కథ చెప్పనక్కర్లేదు. అప్పటికి తెలిసింది చెప్పి, మిగతాది తర్వాత పంపొచ్చు. చెప్పకుండా ఊరుకోవడమే తప్పు.

2027 మే తర్వాత ఇంకో రెండు తలుపులు తట్టాలి. డేటా ప్రొటెక్షన్ బోర్డుకి ఆలస్యం చేయకుండా చెప్పి, 72 గంటల్లో పూర్తి వివరాలు ఇవ్వాలి. డేటా పోయిన ప్రతి మనిషికీ చెప్పాలి. చెప్పకపోతే గరిష్ఠంగా 200 కోట్లు. ఇక్కడ చిన్న లీకు, పెద్ద లీకు అన్న తేడా లేదు. ఒకరి రిపోర్టు పొరపాటున ఇంకొకరి వాట్సాప్‌కి వెళ్లినా అది డేటా ఉల్లంఘనే. ఫైళ్లు లాక్ అయి తెరుచుకోకపోయినా అంతే.

జనానికి పంపే మెసేజ్ ఇలా ఉండొచ్చు: "మా ల్యాబ్ కంప్యూటర్లోకి 12వ తేదీ రాత్రి బయటివాళ్లు చొరబడ్డారు. మీ పేరు, ఫోన్ నంబరు, జనవరి తర్వాతి రిపోర్టులు వాళ్ల చేతికి వెళ్లి ఉండొచ్చు. బ్యాంకు వివరాలు మా దగ్గర లేవు. మా పేరు చెప్పి ఎవరైనా ఓటీపీ అడిగితే ఇవ్వకండి. కంప్యూటర్లు వేరు చేశాం, సర్ట్-ఇన్‌కి చెప్పాం. అనుమానాలుంటే ఈ నంబరుకి ఫోన్ చేయండి." ఏం జరిగింది, ఏం కావచ్చు, మేమేం చేశాం, మీరేం చేయాలి, ఎవరిని అడగాలి. ఈ అయిదూ ఉండాలి. "సాంకేతిక కారణాల వల్ల" అని మొదలుపెట్టకండి, ఆ మాట వినగానే జనం మిగతాది చదవరు.

9. ఇటు స్టేషనా, అటు స్టేషనా

సరిహద్దులో ఉన్నవాళ్ల అసలు తలనొప్పి ఇది. ల్యాబ్ ఒడిశాలో, మోసపోయిన పేషెంట్ పాతపట్నంలో, డబ్బు పోయింది ఎక్కడో ఉన్న ఖాతాలోకి. ఇచ్ఛాపురం నుంచి బరంపురం వచ్చి పోయేవాళ్లకీ ఇదే గొడవ. ఇటు వెళ్తే అటు పొమ్మంటారు.

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన చట్టం) 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఎఫ్ఐఆర్ రాయాలి. దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. తర్వాత వాళ్లే సంబంధిత స్టేషన్‌కి పంపుతారు. ఆన్‌లైన్లో పంపిన ఫిర్యాదు అయితే మూడు రోజుల్లో వెళ్లి సంతకం చేయాలి. ఐటీ చట్టం కేసు దర్యాప్తు చేయాల్సింది ఇన్‌స్పెక్టర్, ఆపై హోదావాళ్లు కాబట్టి చిన్న ఔట్‌పోస్టులో కాకుండా ఇన్‌స్పెక్టర్ ఉన్న స్టేషన్‌కి వెళ్తే ఒక తిరుగుడు తగ్గుతుంది. ఒడిశా వైపు ఇచ్చే ఫిర్యాదు ఒడియాలోనో ఇంగ్లిష్‌లోనో ఉంటే పని త్వరగా కదులుతుంది.

డబ్బు పోతే స్టేషన్ కంటే ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930. దేశమంతా ఒకటే నంబరు. డబ్బు ఇంకో ఖాతాకి దాటకముందే ఆపించాలంటే నిమిషాలే లెక్క. తర్వాత బ్యాంకుకి చెప్పండి. రిజర్వు బ్యాంకు 2017లో తెచ్చిన నిబంధన ప్రకారం మీ తప్పూ బ్యాంకు తప్పూ లేని మోసమైతే, 3 పనిదినాల్లో చెబితే నష్టం మీ మీద పడదు. మీరే ఓటీపీ చెప్పి ఉంటే, బ్యాంకుకి చెప్పేదాకా జరిగిన నష్టం మీదే.

ఐటీ చట్టం కింద పరిహారం కావాలంటే సివిల్ కోర్టు దాకా వెళ్లనక్కర్లేదు. 5 కోట్ల లోపు క్లెయిములను రాష్ట్ర ఐటీ శాఖ కార్యదర్శే అడ్జుడికేటింగ్ ఆఫీసర్‌గా విని తేలుస్తారు. ఈ దారి ఉందని లాయర్లలోనే చాలామందికి తెలియదు.

10. విదేశాలకి అమ్మేవాళ్లు

గుణుపురం, పర్లాకిమిడి కాలేజీల్లో చదివిన కుర్రాళ్లు ఇంటి నుంచే వెబ్‌సైట్ ప్లగిన్‌లు, యాప్‌లు, చిన్న వైఫై పరికరాలు చేసి బయటికి అమ్ముతున్నారు. కొనేవాడు ఐరోపాలో ఉంటే అక్కడి చట్టం మీకూ తగులుతుంది.

యూరోపియన్ యూనియన్ సైబర్ రెసిలియన్స్ యాక్ట్ 2024 డిసెంబర్ 10న అమల్లోకి వచ్చింది. డిజిటల్ భాగం ఉన్న చాలా వస్తువులకి, అమ్మే సాఫ్ట్‌వేర్‌కి కూడా వర్తిస్తుంది. వ్యాపారం కోసం కాని ఓపెన్ సోర్స్‌కి మినహాయింపు. దీని తేదీలు రెండు రాసుకోండి. 2026 సెప్టెంబర్ 11 నుంచి, మీ ఉత్పత్తిలో లోపాన్ని ఎవరైనా వాడుకుని దాడి చేస్తున్నారని తెలిస్తే 24 గంటల్లో ముందస్తు హెచ్చరిక, 72 గంటల్లో వివరాలు పంపాలి. 2027 డిసెంబర్ 11 నుంచి మిగతా బాధ్యతలన్నీ: తెలిసిన లోపాలతో అమ్మకూడదు, లోపల వాడిన లైబ్రరీల (వేరేవాళ్లు రాసిన రెడీమేడ్ కోడ్) జాబితా ఉండాలి, మామూలుగా కనీసం 5 ఏళ్లు సెక్యూరిటీ అప్‌డేట్‌లు ఇవ్వాలి, ఐరోపా నిబంధనలకి సరిపోతుందని చెప్పే సీఈ గుర్తు వేయాలి. జరిమానా కోటిన్నర యూరోలు లేదా ప్రపంచవ్యాప్త టర్నోవర్‌లో 2.5 శాతం, ఏది ఎక్కువైతే అంతవరకు.

బ్రిటన్‌లో నెట్‌కి కలిసే ఇంటి పరికరాలకి 2024 ఏప్రిల్ 29 నుంచే వేరే చట్టం నడుస్తోంది. అక్కడ అడిగేవి మూడే: అన్ని పరికరాలకీ ఒకే ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ ఉండకూడదు, లోపం దొరికినవాళ్లు చెప్పడానికి ఒక అడ్రసు ఉండాలి, అప్‌డేట్‌లు ఎప్పటిదాకా ఇస్తారో చెప్పాలి.

ఇప్పుడే చేయగలిగిన పనులు: ప్రాజెక్టులో ఏ లైబ్రరీ ఏ వెర్షన్ వాడారో టూల్‌తో జాబితా తీసి ప్రతి రిలీజ్‌తో పాటు దాచండి. సైట్లో భద్రతా లోపాలు చెప్పడానికి ఒక మెయిల్ అడ్రసు పెట్టి, రోజూ చూడండి. అమ్మకం పేజీలో "లైఫ్‌టైమ్ సపోర్ట్" అని ఉంటే తీసేసి, అప్‌డేట్‌లు ఏ సంవత్సరం ఏ నెల దాకా ఇస్తారో రాయండి. ఐరోపా చట్టం కొనేముందే ఆ నెలా సంవత్సరం కనపడాలంటుంది.